తోడు రాకూడని దారి

నిప్పు కనిపెట్టిన సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉంది. చక్రం కనిపెట్టిన సంగతీ ఉంది. తోడు కనిపెట్టిన సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఇది చరిత్రకారుల అలసత్వం తప్ప మరొకటి కాదు. ఏ యుగంలోనో, ఏ చీకటి పెరటి గుమ్మంలోనో నిలబడి, మనవాళ్ళలో ఒకరు ఇంకొకరితో "కాస్త నాతో రా, తోడుగా ఉంటావు" అన్న క్షణాన మన నాగరికత ఒక మలుపు తిరిగింది. ఆ తరవాత మనలో ఎవరూ ఎక్కడికీ ఒంటరిగా వెళ్ళిన దాఖలా లేదు. కూరగాయలు కొనాలంటే తోడు. పన్ను పీకించుకోవాలంటే తోడు. పన్ను పీకించుకున్న మనిషిని ఇంట్లో దిగబెట్టి వెనక్కి వెళ్ళే తోడుకు, పొద్దుపోయిందని, ఇంకో తోడు. చీకటిగా ఉంటే భయమని తోడు. వెలుతురుగా ఉంటే ఊసుపోదని తోడు.

మనవాళ్ళు దేశాలు దాటి వెళ్ళినప్పుడు పెట్టెల్లో ఏమేం పట్టుకెళ్తున్నారో విమానాశ్రయంలో తూచి చూశారు గాని, ఈ అలవాటును ఎవరూ తూకం వేయలేదు. వేసి ఉంటే విమానం లేచేది కాదు.

అలా తూకం తప్పించుకుని వెళ్ళిన అలవాటు ఒక పరాయి నగరంలో, లిఫ్టు లేని మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో నిక్షేపంగా ఉంది. ఆ ఇంట్లో ఒక తమ్ముడు, అతని భార్య, వాళ్ళ కూతురు, తమ్ముడి అక్క ఉంటారు. అక్క అన్నది తమ్ముడికే. అతని భార్యకు ఆమె వదిన, పిల్లకు అత్త. ఆ భవనంలో ఉన్న మనవాళ్ళందరూ పిల్ల పిలుపునే ఖాయం చేసుకుని, తమ కంటే పదేళ్ళు చిన్నదైనా సరే, ఆమెను అత్త అనే పిలుస్తారు. మనం కూడా అలాగే పిలుద్దాం.

అత్తకు నలభై దాటి కొంతకాలమైంది. భర్త పోయాక తమ్ముడు వెళ్ళి వెంట తీసుకొచ్చాడు. ఆమెకు ఇంట్లో సొంత గది లేదు. హాల్లో, విప్పితే మంచమయ్యే సోఫా ఉంది. పక్కన ఇంకో పరుపు మీద మేనకోడలు పడుకుంటుంది. అత్తకు తోడుగా పిల్లను పడుకోబెట్టారా, పిల్లకు తోడుగా అత్తనా అన్నది ఇప్పటిదాకా తేలలేదు.

పని కూడా అంతే. అత్త, మరదలు ఇద్దరూ ఒకే లాండ్రీలో, ఒకే యంత్రం దగ్గర పనిచేస్తారు. ఊళ్ళోని హోటళ్ళ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు అక్కడికి వస్తాయి. వాటిని హోటళ్ళ నుంచి మోసుకొచ్చే వ్యాను నడిపేది తమ్ముడు. ఉతికిన దుప్పటి ట్రాలీలో తడిముద్దలా ఉంటుంది. దాన్ని పైకి లాగాలి, అంచు వెతకాలి, అత్త ఒక మూల, మరదలు ఒక మూల పట్టుకుని ఒక్కసారి విదిలించాలి, ఇద్దరూ ఒకే అడుగులో ముందుకు వచ్చి వేడి రోలరు నోటికి అందించాలి. ఒకరు అర అడుగు ముందుపడితే దుప్పటి వంకర పోతుంది. వంకర పోతే ముడత పడుతుంది. ముడత పడ్డ దుప్పటి తిరిగి నీళ్ళలోకి పోతుంది. ఆ పైన సూపర్‌వైజరు మొహం ముడత పడుతుంది. అది ఏ నీళ్ళకూ పోదు.

ఏళ్ళ తరబడి ఇలా చేసేసరికి వదినా మరదళ్ళ అడుగులు ఒకటైపోయాయి. బజార్లో నడిచినా ఒకే కాలు ముందు పడుతుంది. వెనకనుంచి చూస్తే ఇద్దరి మధ్యా కంటికి కనబడని దుప్పటి ఒకటి వేలాడుతున్నట్టు ఉంటుంది.

పొద్దంతా నిలబడే ఉద్యోగం. మధ్యాహ్నానికి ఆవిరికి జుట్టు నెత్తికి అంటుకుపోతుంది. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టవు. ఇంటికొచ్చాక అత్త ప్లాస్టిక్ టబ్బులో వేణ్ణీళ్ళు పోసి, ఉప్పు వేసి, కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. మరదలు ఎదురుగా ఇంకో టబ్బుతో కూర్చుంటుంది. అందులోనూ తోడే.

ఇంత పటిష్ఠమైన ఏర్పాటులో ఒకరోజు చిన్న చీలిక వచ్చింది. మరదలికి జ్వరం. తమ్ముడు అప్పటికే వ్యానుతో వెళ్ళిపోయాడు. పిల్లకు పరీక్ష. అత్త ఒక్కతే మెట్లు దిగి వీధి మలుపు తిరిగేసరికి బస్సు కదిలిపోతోంది. ఇంకో బస్సు కోసం ఆగితే రోలరు ఆగుతుంది. అత్త చేతిసంచీ చంకలో ఇరికించుకుని పరుగెత్తింది. అంతకుముందు ఎప్పుడు పరుగెత్తిందో ఆమెకు గుర్తులేదు. అప్పుడు కూడా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకునే ఉంటారు.

బస్సు దొరకలేదు. తరవాతి స్టాపులోనూ దొరకలేదు. అలా పరుగు, నడక, మళ్ళీ పరుగు చేస్తూ లాండ్రీ దాకా వచ్చేసింది. డొక్కలో పోటు, నోట్లో తడి లేదు, ఒక చెప్పు పట్టీ తెగింది. రోలరు దగ్గర ఊపిరి సర్దుకుంటూ ఆమె గమనించింది ఒక్కటే: వచ్చిన దారి పొడవునా తనతో ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

అలసట కొత్తేమీ కాదు. అయితే ఈ అలసట వేరు. రోలరు దగ్గరి అలసటలో మరదలికి సగం వాటా ఉంది. ఇంట్లో అలసట నలుగురిదీ; ఎవరు ముందు "అబ్బా" అంటే వాళ్ళది. ఇది మాత్రం ఆమె ఒక్కదానిదే. ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు. సొంత ఆస్తి అంటూ ఏదీ లేని మనిషికి ఇలాంటివి గట్టిగా తగులుతాయి.

మర్నాడు, ఇంకా అందరూ నిద్రలో ఉండగానే, అత్త పంజాబీ డ్రెస్సు మీద తమ్ముడి పాత స్వెట్టరు వేసుకుని తలుపు గడియ తీసింది. గడియ మన ఇళ్ళల్లో అలారం కంటే నమ్మకమైనది. లోపలి గదిలోంచి మరదలు జ్వరం గొంతుతో అడిగింది.

"ఎక్కడికి వదినా?"

"ఎక్కడికీ లేదు. ఊరికే, అలా వీధి చివరిదాకా."

"ఒక్కరేనా?"

"ఆఁ."

"అయ్యో, ఒక్కరే ఏంటి వదినా! రెండు రోజులు ఆగండి, నాకు జ్వరం తగ్గాక వెళ్దాం."

తగ్గింది. వెళ్ళారు. పరుగెత్తుతూ మాట్లాడే శక్తి కొందరికి పుట్టుకతోనే వస్తుంది. మరదలు ఆ జాబితాలో పై వరసలో ఉంటుంది. పక్కింటావిడ కర్టెన్ల రంగు, సూపర్‌వైజరు విడాకులు, పిల్లకు లెక్కల్లో వచ్చిన మార్కులు, ఇవన్నీ అత్త చెవి పక్కన పరుగెత్తాయి. అత్త వేగం పెంచితే మరదలు పెంచింది, తగ్గిస్తే తగ్గించింది. కనబడని దుప్పటి ఎక్కడా ముడత పడలేదు.

కొన్నాళ్ళకు మరదలికి మోకాలు పట్టేసింది. అత్త మనసులో ఆ మోకాలికి దణ్ణం పెట్టుకుంది. మర్నాడు మెట్లు దిగేసరికి తమ్ముడు సైకిలుతో కింద నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకురా? పొద్దస్తమానం వ్యాను తోలి తోలి ఉంటావు. పడుకో."

"పర్లేదక్కా. నువ్వు పరుగెత్తు, నేను పక్కన తొక్కుతా."

ఆ సైకిలు చైను నూనె చూసి యుగాలైంది. తొక్కినంతసేపూ ఒకటే కీచుమంటుంది. దానికి పోటీగా తమ్ముడి సలహాలు.

"ఊపిరి ముక్కుతో తీసుకో అక్కా. నోటితో వదులు."

"నువ్వు అలాగే తీసుకుంటున్నావా?"

"నేను సైకిలు మీదున్నా కదా."

శనివారాలు తమ్ముడికి పని ఉంటే పిల్ల వచ్చేది, అత్తకు ఊపు వస్తుందని చేతిలో ఫోను పెట్టుకుని పాటలు వాయిస్తూ. వీధిలో కిటికీలు తెరుచుకునేవి.

"రావద్దు" అంటే సరిపోదా అని అడగొచ్చు. మన ఇళ్ళల్లో పలకడానికి వీల్లేని మాటల్లో అదొకటి. దానికి అర్థం నాకు ఒంటరిగా ఉండాలని ఉంది అని కాదు. నీ మీద మనసు విరిగింది అని. అత్త ఒకసారి అని చూసింది. ఆ పూట తమ్ముడు అన్నం కెలికి లేచిపోయాడు. మరదలు వంటింట్లో గిన్నెలు తోముతూ, "నేనేమన్నా అన్నానా వదినా? పొరపాటున ఏదైనా నోరుజారానా?" అని కళ్ళు ఒత్తుకుంది. పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఇంటిల్లిపాదినీ ఓదార్చేసరికి అత్తకు పరుగు కంటే ఎక్కువ ఆయాసం వచ్చింది. మర్నాడు సైకిలు యథాప్రకారం కీచుమంది.

ఇంటికి దగ్గర్లో ఒక పార్కు ఉంది. ఆదివారాలు అక్కడ కొందరు కొత్తగా పరుగు నేర్చుకునేవాళ్ళు చేరతారు. పిల్లను వెంటబెట్టుకుని అత్తా వాళ్ళలో చేరింది. వాళ్ళకు నేర్పేది ఏదో బళ్ళో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. మెడలో ఈల ఉంటుంది కాబట్టి పిల్ల ఆయనకు ఈలాయన అని పేరు పెట్టింది. అత్తకు అక్కడి భాష లాండ్రీకి సరిపడా వచ్చు: వేడి, తడి, మరక, తొందరగా. మిగతాది పిల్ల చెప్పేది.

ఈలాయన నాలుగు ఆదివారాలు చూసి ఒక మాట అన్నాడు. పిల్ల కాస్త మొహమాటపడుతూ తెలుగు చేసింది.

"అత్తా, నువ్వు ఎవరి పక్కనుంటే వాళ్ళలా పరుగెడతావట. పొడుగాయన పక్కన ఉంటే పెద్ద అంగలు, ముసలావిడ పక్కన ఉంటే చిన్న అడుగులు. మరి నీ పరుగు ఏదీ అని అడుగుతున్నాడు."

అత్త తన పాదాలకేసి చూసుకుంది. "నా పరుగు ఎలా ఉంటుందో నేనూ చూళ్ళేదని చెప్పు."

ఈలాయన నవ్వలేదు. పక్కవాళ్ళ కాళ్ళు చూడొద్దు, ముందున్న నేల చూడు అన్నాడు. దుప్పటి పట్టుకునే మనిషికి ఇది కష్టమైన పాఠం; పక్కవాళ్ళ కాళ్ళు చూడకపోతే ఉద్యోగం పోతుంది.

చలి మొదలయ్యే ముందు ఆ ఊళ్ళో పెద్ద పరుగు పందెం జరుగుతుందని కూడా ఆయనే చెప్పాడు. హాఫ్ మారథాన్, అంటే ఇరవయ్యొక్క కిలోమీటర్లు. ఊరి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా. అత్తకు దూరం గురించి వింటూంటే కళ్ళు మూతలు పడ్డాయి. అప్పుడాయన నియమాలు చెప్పడం మొదలుపెట్టాడు. నంబరు కట్టుకున్నవాళ్ళు తప్ప దారిలోకి ఇంకెవరూ రాకూడదు. అత్త కళ్ళు తెరుచుకున్నాయి.

"ఎవరూ అంటే? తమ్ముడు కూడానా?"

"రాకూడదట."

"సైకిలు మీద?"

"అస్సలు రాకూడదట."

"పోనీ పక్కన కాలిబాట మీద నడుస్తూ?"

"తాళ్ళు కట్టేస్తారట అత్తా."

ఆడమనిషి ఒంటరిగా పరుగెత్తడానికి భయపడుతోందని ఈలాయన అనుకున్నాడు. భుజం తట్టి, ఏం ఫర్వాలేదు, దారిలో అందరూ మంచివాళ్ళే అని ధైర్యం చెప్పాడు. అత్తకు కళ్ళ నీళ్ళొచ్చాయి. తోడు రాకూడదని చట్టం చేసిన దేశం ఒకటుందని, తను అందులోనే ఇన్నాళ్ళుగా కాపురముంటోందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అన్నాల దగ్గర అత్త ఆ వార్త చెప్పేసరికి ముగ్గురి చేతుల్లోనూ ముద్దలు ఆగిపోయాయి. మొదట మరదలు తేరుకుంది.

"అంత దూరమా! బస్సులో వెళ్తేనే నాకు తల తిరుగుతుంది. వదినా, ఆ కాళ్ళు మీవేనా, లాండ్రీవాళ్ళవా? సోమవారం వాటితోనే నిలబడాలి."

"నావే."

"దారిలో ఏమన్నా అయితే?" అన్నాడు తమ్ముడు.

"ఏమవుతుందిరా?"

తమ్ముడు కంచంలోకి చూస్తూ అన్నాడు. "బావ పోయినప్పుడు పక్కన ఎవరూ లేరక్కా."

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు. బావ రోడ్డు పక్కన కూలబడి, ఎవరో చూసేసరికి ఆలస్యమైంది. తమ్ముడి సైకిలు చైను ఇన్నాళ్ళుగా కీచుమంటున్నది ఆ మాటేనని అత్తకు అప్పుడు అర్థమైంది. ఆమె లేచి వెళ్ళి అతనికి మజ్జిగ తెచ్చి పెట్టింది. ఎదురుగా కూర్చుని అంది:

"ఒక్కసారిరా. ఈ ఒక్కటి నేను ఒక్కదాన్నే చేస్తా. చేస్తే, ఇకమీదట పొద్దున్న పూట నన్ను వదిలెయ్యండి. ఆ గంట నాది."

"చెయ్యలేకపోతే?"

"చెయ్యలేకపోతే నువ్వు సైకిలు తెచ్చుకో. మీ ఆవిణ్ణి తెచ్చుకో. పాటలు కూడా పెట్టుకో. నోరెత్తను."

తమ్ముడు ఒప్పుకున్నాడు. చెయ్యలేకపోవడం అంటే ఏమిటన్నది పిల్ల తేల్చింది. పరుగెత్తేవాళ్ళ వెనకాల ఒక బండి మెల్లగా వస్తుందట. దానికంటే వెనకబడ్డవాళ్ళను ఎక్కించుకుని రోడ్డు ఖాళీ చేస్తుందట. పిల్ల దానికి చీపురుబండి అని పేరు పెట్టింది. అత్త చీపురుబండి ఎక్కితే ఓడినట్టు. తన కాళ్ళ మీద గీత దాటితే గెలిచినట్టు.

ఆ తరవాతి వారాల గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. అవి అలసిపోయిన మనిషి ఇంకా అలసిపోయిన వారాలు. పొద్దున్న పరుగు, తరవాత రోలరు, తరవాత టబ్బు. కాలి వేలి గోరు నల్లబడి ఊడిపోయింది. రోలరుకు దుప్పటి అందిస్తూ నిలబడే కునుకు తీయడం అత్త ఎక్కడా నేర్చుకోలేదు, దానంతటదే వచ్చింది. మరదలు తన మూల కాస్త గట్టిగా లాగి లేపేది. మెట్లు ఎక్కేటప్పుడు అత్త రెండో అంతస్తులో కూర్చుండిపోయేది. ఎవరి ఇంటికొచ్చారని ఆ అంతస్తువాళ్ళు తలుపు తీసి అడిగితే, "మీ మెట్టు మీదకే" అనేది. ఒక్కోరోజు గడియ తీయబోతూ అక్కడే తలుపుకు నుదురానించి నిలబడేది. పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి తెలిసే, లోపల సైకిలు తాళంచెవి చప్పుడు వినగానే, ఆమె గడియ తీసేసేది.

పందెం రోజు ఆమెను మొదలుగీత దాకా దిగబెట్టడానికి తోడుగా ముగ్గురూ వచ్చారు. తాడు దగ్గర పసుపుపచ్చ కోటు వేసుకున్న కుర్రది తమ్ముణ్ణి ఆపింది. తమ్ముడు తన ఛాతీ చూపించి, అక్కను చూపించి, అక్కడి భాషలో "మా అక్క, మా అక్క" అన్నాడు. అమ్మాయి ఆమె నంబరు చూపించి, అతని ఖాళీ చొక్కా చూపించింది. ఇంత స్పష్టంగా అతను ఏ వాదనలోనూ ఎప్పుడూ ఓడిపోలేదు.

"నీళ్ళు తాగక్కా," అన్నాడు తాడు అవతలి నుంచి.

"తాగుతాలేరా."

"మెల్లగా తాగు."

"వదినా, జడ ఊడిపోతోంది, ఇలా రండి!" మరదలు తాడు మీదుగా వంగి రబ్బరు బాండు బిగించింది. "పరుగెత్తలేకపోతే నడవండి. నడవలేకపోతే కూర్చోండి. ఎవరన్నా ఏమన్నా అంటే నా పేరు చెప్పండి."

తుపాకీ పేలింది. మనుషులు కదిలారు. అత్తా కదిలింది.

మొదటి భాగం గురించి ఆమె తరవాత ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికేమీ లేదు కాబట్టి. ఎవరూ మాట్లాడలేదు. చైను కీచుమనలేదు. పొడుగుకాళ్ళవాళ్ళు ముందుకు వెళ్ళిపోతూంటే ఆమె వాళ్ళ కాళ్ళకేసి చూడకుండా నేల చూసింది. వాన కురిసి ఆగిన తారురోడ్డు. గోధుమరంగు ఆకులు. మూతలు పెట్టిన చెత్తడబ్బాలు. తన అడుగుల చప్పుడు తనకే వినబడింది. కుడికాలు కొంచెం బరువుగా పడుతోంది. ఓహో, ఇదన్నమాట నాది, అనుకుంది. అదేమంత గొప్ప పరుగు కాదు. అయినా ఎవరిదీ కాదు.

సగం దాటాక ఒంట్లో ఉన్నదంతా అయిపోయింది. పిక్కలు రాళ్ళయ్యాయి. జనం పల్చబడ్డారు. వంతెన ఎక్కే చోట ముందు ఒకావిడ కనబడింది. ఆకుపచ్చ టోపీ, అత్త వయసే ఉండొచ్చు, ఒక కాలు ఈడుస్తోంది. వాళ్ళ భాషలో తనలో తనే ఏదో గొణుక్కుంటూ, చెయ్యెత్తి ముక్కు తుడుచుకుంటోంది. ఏడుస్తోందో, చలో. అత్త నేలకేసి చూసింది. ముందున్న నేల. ఈలాయన చెప్పిందీ అదే. అలా నేల చూసుకుంటూ ఆవిణ్ణి దాటిపోయింది.

వంతెన మీద నుంచి వెనక్కి చూస్తే చాలా దూరాన చీపురుబండి కనబడింది. పైన నారింజరంగు దీపం తిరుగుతోంది. దానికీ తనకూ మధ్య రోడ్డు మీద ఒకే ఒక్క ఆకుపచ్చ టోపీ.

అత్త పది అడుగులు వేసింది. ఇంకో పది వేసింది. వెనకాల ఈడుస్తున్న కాలి చప్పుడు దూరమైపోతోంది. బస్సు తప్పిన ఆ రోజు తరవాత ఇప్పుడే ఆమె ఎవరి పక్కనా లేదు. దీనికోసమే గోరు ఊడింది, దీనికోసమే తమ్ముడు కంచం ముందు ఆ మాటన్నాడు. ఇంకాస్త ఓర్చుకుంటే పొద్దుటి గంట తనదవుతుంది.

అత్త ఆగింది.

"రామ్మా," అంది వెనక్కి తిరిగి, తెలుగులోనే. "ఒక్కదానివే ఎలా వస్తావు?"

ఆకుపచ్చ టోపీ ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మనిషి ఆగి నిలబడ్డాక అర్థం కావలసిందేముంది? పక్కకు వచ్చింది. నాలుగు అడుగుల్లో ఇద్దరి కాళ్ళూ ఒకటయ్యాయి. ఆవిడ ఈడ్చే కాలికి అత్త బరువు కాలు సరిపోయింది.

ఆ తరవాత జరిగింది చరిత్రలో నమోదు చేయాల్సిందే. అత్త మాట్లాడింది. ఎవరి గొంతూ వినబడని దారి కోసం ఇంత చేసిన మనిషి, ఆ దారిలో మిగిలిన భాగమంతా ఊపిరి అందకుండా మాట్లాడింది. దుప్పట్ల గురించి చెప్పింది. మరదలి మోకాలి గురించి, సూపర్‌వైజరు విడాకుల గురించి చెప్పింది. ఊపిరి ముక్కుతో తీసుకోమంది. నీళ్ళు మెల్లగా తాగమంది. ఆవిడ తన భాషలో "ఆఁ, ఆఁ" లాంటిదేదో అంటూ వచ్చింది. ఇద్దరూ నడకలాంటి పరుగో, పరుగులాంటి నడకో తెలియనిదేదో చేస్తున్నారు.

చీపురుబండి వాళ్ళ వెనకాలకి వచ్చేసింది. దాని ఇంజను వేడి పిక్కలకు తగులుతోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఎక్కమని తలుపు చూపించాడు. మెత్తటి సీట్లు కనబడ్డాయి. ఆకుపచ్చ టోపీ ఆవిడ ఆ సీట్లకేసి చూసిన చూపు అత్తకు తెలుసు. తను గడియ దగ్గర రోజూ చూసే చూపే. అత్త చెయ్యి చాచింది. ఆవిడ పట్టుకుంది. అటొకరు ఇటొకరు, ఒక మూల వదిలితే మొత్తం వంకర పోతుందన్నట్టు గట్టిగా పట్టుకుని, ఒకే అడుగులో గీత దాటారు. బండి ముందు చక్రం వాళ్ళ వెనకే దాటింది.

తాడు అవతల తమ్ముడు నోరు తెరిచి నిలబడ్డాడు. పిల్ల కేకలు పెడుతోంది. అత్త వచ్చి తాడు మీద వాలిపోయింది.

"గెలిచావక్కా," అన్నాడు తమ్ముడు. తరవాత, "పక్కన ఆవిడెవరు?"

"ఏమోరా."

"ఏమో ఏంటి? చెయ్యి పట్టుకుని వచ్చావుగా!"

"పాపం, ఒక్కతే వస్తోంది. తోడు వచ్చాను."

తమ్ముడు భార్యకేసి చూశాడు. మరదలు ఆకాశంకేసి చూసింది. ఎవరూ నవ్వలేదు, నవ్వితే అత్త కూడా నవ్వాలి, ఆమెకు ఆ ఓపిక లేదు.

"ఒక్కదానివే చేస్తానన్నావు కదా," అన్నాడు తమ్ముడు చివరికి.

"తోడు నాకు కాదురా, ఆవిడకి."

ఈ వాదనను అతను మెట్లెక్కేదాకా మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు. అత్త ఒక చెయ్యి అతని భుజం మీద, ఒక చెయ్యి మరదలి భుజం మీద వేసి ఎక్కింది. రెండో అంతస్తులో అతను ఒప్పేసుకున్నాడు. "సరేలే అక్కా. మాటంటే మాటే. పొద్దుటి గంట నీది. ఎవరం రాము."

సోమవారం అత్త లాండ్రీకి రాదని మరదలే సూపర్‌వైజరుకు ఫోను చేసి చెప్పింది. పొద్దున్న అత్త ఫోనులో అలారం మోగింది. లోపలి గదిలో తమ్ముడు అలవాటు కొద్దీ లేచి, సైకిలు తాళంచెవి తీసుకుని, మాట గుర్తొచ్చి మళ్ళీ మేకుకు తగిలించాడు. మరదలు వచ్చి అలారం ఆపింది. ముగ్గురూ చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్ల నోటికి మరదలు చెయ్యి అడ్డం పెట్టి, చప్పుడు కాకుండా గడియ తీసి, వెళ్ళేముందు ఒకసారి సోఫాకేసి చూసి, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగారు. పార్కులో బెంచీ మీద కూర్చుని ఒక గంట గడిపి రావాలని వాళ్ళ ఆలోచన.

ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. వంటింట్లో ఎవరూ లేరు, లోపలి గదిలో ఎవరూ లేరు, పక్క పరుపు ఖాళీ. ఆమె పుట్టాక ఒక ఇంట్లో ఒంటరిగా ఉండడం అదే మొదటిసారి.

ఆమె నిద్రపోతోంది.